పాత కన్యస్త్రీ మఠం చర్చిని అయిదు ఇంద్రియాలతో తెలుసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

పాత మఠాల చర్చిలను చూసి వచ్చినవారు తరచుగా ఒకే మాట అంటూ ఉంటారు: "లోపలికి వెళ్లాం, కప్పు చూశాం, ఫొటోలు తీసుకున్నాం, పావుగంటలో బయటికి వచ్చేశాం. ఇంకా ఏం చేసి ఉండాల్సింది?" ఆ ప్రశ్నకు జవాబుగా, ఏ పని ముందు, ఏ పని తరువాత అన్న వరుస చెడకుండా ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

కాన్వెంట్ అన్న మాటకు మనవాళ్లలో బడి అన్న అర్థం స్థిరపడింది కనుక ముందే చెబుతున్నాను: ఇక్కడ మాట్లాడుతున్నది కన్యస్త్రీలు, అంటే నన్‌లు, నివసించే మఠం గురించి, ఆ మఠానికి ఆనుకుని ఉండే చర్చి గురించి. మామూలు ఊరి చర్చికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కన్యస్త్రీలు మఠం హద్దు దాటరాదని 1298లో పోపు ఎనిమిదవ బోనిఫేస్ శాసించగా, 1563లో కతోలిక మతపెద్దల ట్రెంట్ మహాసభ దాన్ని మరింత గట్టిగా అమలు చేయించింది. అందువల్ల ఈ చర్చిలను రెండు భాగాలుగా కట్టారు: ఒకటి ఊరి జనానిది, రెండోది కన్యస్త్రీలది. మధ్యలో గోడ, ఆ గోడలో ఇనుప జాలీ. ఈవలివారికి అవతలివారు కనిపించరు, వినిపిస్తారు. చూపును అడ్డుకోవడానికీ శబ్దాన్ని రానివ్వడానికీ కట్టిన ఇలాంటి చోట కళ్లకు మొదటి స్థానం ఇస్తే సగం చర్చి చేజారిపోతుంది. కాబట్టి ఈ మార్గదర్శి అంతటికీ ఆధారమైన నియమం ఒక్కటే: ముక్కు, చెవి, చర్మం ముందు, కన్ను చివర.

## 1. బయలుదేరే ముందు: ఆ చర్చి ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?

పాత మఠాల చర్చిలు ఈనాడు మూడు రకాలుగా ఉన్నాయి. మీరు వెళ్లబోయేది ఏ రకమో తెలియకపోతే తక్కిన ఏర్పాట్లన్నీ తారుమారవుతాయి.

మొదటి రకంలో కన్యస్త్రీలు ఇంకా నివసిస్తూ ఉంటారు. వాటి తలుపులు చాలాసార్లు పూజ వేళల్లో మాత్రమే తెరుచుకుంటాయి. అక్కడ మీరు అతిథులు. రెండో రకంలో మఠం మూతపడి, చర్చి మాత్రం ప్రజల ఆరాధనకు మిగిలి ఉంటుంది. మూడో రకం సంగ్రహాలయాలుగా మారినవి. లిస్బన్‌లో 1509లో రాణి లియొనోర్ స్థాపించిన మాద్రె ద దేవుష్ మఠం ఇప్పుడు జాతీయ పింగాణీ పలకల సంగ్రహాలయం. పాత గోవాలో 1606లో మొదలై 1627లో పూర్తయిన సాంతా మోనికా మఠం చర్చిలో క్రైస్తవ కళా సంగ్రహాలయం నడుస్తోంది.

సంగ్రహాలయంలో మీకు సమయం, స్వేచ్ఛ దొరుకుతాయి కానీ ధూపం, గానం ఉండవు. కన్యస్త్రీలున్న చోట ధూపం, గానం దొరుకుతాయి కానీ అటూ ఇటూ తిరగడానికి వీలుండదు. రెండింటినీ ఒకే చోట ఆశించకండి. వీలైతే ఒక్కో రకానిది ఒక్కొక్కటి చూడండి.

ముందుగా తేల్చుకోవలసినవి:

- చర్చి తెరిచే వేళలు, పూజ వేళలు వేరువేరుగా ఉన్నాయా?
- కన్యస్త్రీల వైపు భాగంలోకి సందర్శకులను రానిస్తారా?
- ప్రార్థన సమయంలో బయటివారు కూర్చోవచ్చా?
- మరమ్మతుల పరంజాలు ఏమైనా ఉన్నాయా? పరంజాపై కప్పిన గుడ్డ వెలుతురును, శబ్దాన్ని రెండింటినీ మార్చేస్తుంది.

## 2. వేళను ఎంచుకోవడం

పూజ వేళలతో పాటు ఎండ దిశను కూడా చూసుకోవాలి. సంప్రదాయం ప్రకారం బలిపీఠం తూర్పున ఉండాలి. అలా ఉన్నచోట ఉదయపు వెలుగు బలిపీఠం వెనుక నుంచి, సాయంకాలపు వెలుగు దాని ఎదుటి నుంచి వస్తుంది. అయితే నగరాల్లోని మఠాలు వీధి ఎటు ఉంటే అటు ఒదిగాయి కనుక ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. బయలుదేరే ముందే పటంలో చర్చి దిశను చూసి, కిటికీలు ఏ వైపు ఉన్నాయో తెలుసుకోండి.

నా అనుభవంలో అన్నిటికన్నా మంచి వేళ సాయంకాల ప్రార్థనకు గంట ముందు. అప్పుడు వెళ్తే ఖాళీ చర్చి, వాలుతున్న వెలుగు, ఆ తరువాత గానం, మూడూ ఒకే కూర్చోవడంలో దొరుకుతాయి. మధ్యాహ్నం పన్నెండుకు దగ్గరగా వెళ్లేవారు గంట వినడానికి ఆగండి. అది మూడేసి దెబ్బల చొప్పున మూడుసార్లు మోగి, తరువాత ఎడతెగకుండా మోగుతుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం జరిగే మరియమ్మ ప్రార్థనకు అది పిలుపు.

మొత్తానికి గంటన్నర కేటాయించండి. అంత తీరిక లేకపోతే పనులను కుదించండి కానీ వరుసను మార్చకండి.

## 3. ఒంటి మీద ఏముండాలి, చేతిలో ఏముండాలి

- మెత్తని అడుగుల చెప్పులు లేదా బూట్లు.
- భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు, వేసవిలోనైనా ఒక శాలువా. రాతి చర్చి లోపల చలి ఊహించినదానికన్నా ఎక్కువగా ఉంటుంది.
- అత్తరు, వాసన నూనెలు పూసుకోకూడదు. ఇది మరిచిపోతే అయిదో అంచె మొత్తం వృథా.
- చిన్న నోటుపుస్తకం, పెన్సిలు.
- ఫోను పూర్తిగా ఆపి సంచిలో ఉంచాలి. అది సైలెంట్‌లో వణికినా బెంచీ చెక్క ఆ వణుకును వరుసంతా వినిపిస్తుంది.

చెప్పుల సంగతి చిన్నదిగా తోచవచ్చు. ఒకసారి గట్టి మడమల బూట్లతో ఒక మఠం చర్చిలోకి వెళ్లి, జాలీ అవతల ప్రార్థన మొదలైన సంగతి గమనించకుండా నాలుగడుగులు వేశాను. నాలుగో అడుగు చప్పుడు కప్పు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి లోపల గొంతులు తడబడ్డాయి. ఆ తడబాటు నా వల్లే కలిగిందన్న బాధ ఇప్పటికీ పోలేదు.

## 4. గుమ్మం బయట పది నిమిషాలు

నేరుగా లోపలికి వెళ్లకండి. ముందు గోడ వెంట నడవండి. మామూలు చర్చిలో ప్రధాన ద్వారం బలిపీఠానికి సరిగ్గా ఎదురుగా, రెండో కొసన ఉంటుంది. స్పెయిన్, పోర్చుగల్, మెక్సికోలలోని అనేక కన్యస్త్రీ మఠాల చర్చిల్లో మాత్రం ద్వారం పక్కగోడలో, వీధి వైపున ఉంటుంది. ఎందుకంటే ఆ రెండో కొసను కన్యస్త్రీల ప్రార్థనశాల ఆక్రమించింది. ద్వారం పక్కన ఉందంటే, లోపలికి వెళ్లాక ఒక చేతి వైపు బలిపీఠం, మరో చేతి వైపు జాలీ ఉంటాయని బయటే తెలిసిపోతుంది.

ఆ తరువాత తల ఎత్తి గంటలను చూడండి. ఎత్తయిన గోపురానికి బదులు కన్నాలున్న ఒక పలుచని గోడ, ఆ కన్నాల్లో వేలాడే చిన్న గంటలు చాలా మఠాలకు గుర్తు. కిటికీలు ఎంత ఎత్తున ఉన్నాయో, వాటికి ఎన్ని కమ్మీలున్నాయో గమనించండి. చివరగా వీధి శబ్దాన్ని ఒక నిమిషం శ్రద్ధగా వినండి. గుమ్మం దాటగానే అందులో ఏది తెగిపోయిందో, ఏది మిగిలిందో పోల్చుకోవడానికి ఇది అవసరం.

గడప దగ్గర ఆగండి. వందల ఏళ్లుగా పాదాలు పడిన రాతి గడప మధ్యలో అరిగి గుంటపడి ఉంటుంది. ఆ గుంటలో మీ పాదం పెట్టి లోపలికి అడుగు వేయండి.

## 5. మొదటి మూడు శ్వాసలు: ముక్కు

ముక్కు తొందరగా అలవాటుపడిపోతుంది. ఏ వాసననైనా కొద్ది నిమిషాల్లోనే అది పట్టించుకోవడం మానేస్తుంది కనుక వాసన పనిని లోపలికి వచ్చిన క్షణంలోనే ముగించాలి. తలుపు దాటి రెండడుగులు వేసి, పక్కకు జరిగి, కళ్లు మూసుకుని మూడు నిదానమైన శ్వాసలు తీయండి. మొదటి శ్వాసలో మొత్తం వాసన, రెండోదానిలో విడివిడి వాసనలు, మూడోదానిలో వాటి వెనుక దాగినది వెతకండి.

సాధారణంగా దొరికేవి ఇవి. తొలి వాన పడ్డ మట్టి వాసనను పోలినది తేమ పట్టిన రాతిది, సున్నానిది. అది సూక్ష్మజీవుల పని. తీయగా, తేనెను తలపించేది తేనెమైనపు కొవ్వొత్తిది. నూనె కాలినట్లుండి గొంతుకు తగిలేది పారఫిన్ కొవ్వొత్తిది. నిమ్మతొక్క, దేవదారు కలిసినట్లుండేది ధూపానిది: బాస్వెల్లియా చెట్ల జిగురును నిప్పుకణికలపై వేయగా వచ్చిన పొగ. పూజ జరిగి చాలా సేపయినా ఆ పొగ చెక్కలో, గుడ్డలో పట్టి ఉంటుంది. అందుకే ఖాళీ చర్చిలో ధూపం వాసన గాలిలో కన్నా తెరల దగ్గర, పాత చెక్క సొరుగుల దగ్గర ఎక్కువగా తెలుస్తుంది.

వాసన పోయిందనిపిస్తే మీ చొక్కా చేతిని ముక్కుకు ఆనించి రెండు శ్వాసలు తీసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ తెలియకపోతే అయిదు నిమిషాలు బయట నిలబడి రండి. ఉబ్బసం ఉన్నవారు మాత్రం ధూపం వేసే పండుగ పూజల్లో తలుపు దగ్గరి బెంచీలోనే కూర్చోవాలి.

## 6. చెవి: ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి

ఈ అంచెకు ఇరవై నిమిషాలు ఇవ్వండి. ప్రజల భాగంలో వెనుక వరుసలో కూర్చుని, కళ్లు మూసుకోండి లేదా నేల మీద నిలపండి.

6.1 మారుమోతను కొలవడం. చప్పట్లు కొట్టవద్దు. ఆరాధన జరిగే చోట అది అమర్యాద. దానికి బదులు ఎవరైనా తలుపు వేసే వరకు ఆగండి. తలుపు పడ్డ క్షణం నుంచి ఆ చప్పుడు పూర్తిగా మాసిపోయే వరకు మనసులో సెకన్లు లెక్కపెట్టండి. సామాను నిండిన ఇంటి గదిలో అర సెకనుకే ముగిసే మోత, పెద్ద రాతి చర్చిలో నాలుగైదు సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నిలుస్తుంది. మూడు నాలుగు తలుపు చప్పుళ్లు విన్నాక మీ లెక్క స్థిరపడుతుంది.

6.2 అడుగుల చప్పుడును అనుసరించడం. ఒక మనిషి నడుస్తూ ఉంటే అడుగుల శబ్దం ఎక్కడ గట్టిపడుతోందో, ఎక్కడ మెత్తబడుతోందో వినండి. చెక్క నేల, బోలుగా ఉన్న సమాధి పలక, గట్టి రాయి, మూడూ వేరువేరుగా పలుకుతాయి. పక్క గూళ్ల ముందు నడిచేటప్పుడు చప్పుడు ఒక క్షణం లోపలికి ఇంకినట్లు ఉంటుంది.

6.3 జాలీ దగ్గర వినడం. ఇప్పుడు లేచి, విభజన గోడకు రెండు మూడు బారల దూరంలో కూర్చోండి. అవతల ప్రార్థన జరుగుతుంటే అంతకన్నా అదృష్టం లేదు. జరగకపోతే, అవతలికి సందర్శకులను రానిచ్చే చోట, మీతో వచ్చినవారిని అటు పంపి నెమ్మదిగా రెండు వాక్యాలు మాట్లాడమనండి. మీకు అచ్చులు తెలుస్తాయి, హల్లులు జారిపోతాయి. ఆ, ఓ, ఊ నిండుగా వస్తాయి. స, త, క వంటివి అరిగిపోతాయి. మంద్ర ధ్వనులు అడ్డును చుట్టుకుని వంగి రాగలవు, తారస్థాయి ధ్వనులు అలా వంగలేవు కనుక గోడ నీడలో అవే ముందుగా తగ్గుతాయి. పైగా శబ్దంలో చాలా భాగం కప్పును తాకి, అక్కడి నుంచి మీ మీదికి దిగుతుంది. అందుకే పాడేవారు ఎదుట గోడ వెనుక ఉన్నా గొంతులు పై నుంచి వస్తున్నట్లు తోస్తాయి. ఆ కాలపు భక్తులు దాన్ని దేవదూతల గానంతో పోల్చారంటే, వారు తమ చెవికి తోచినదే చెప్పారు.

6.4 విరామాలను వినడం. కన్యస్త్రీలు కీర్తనలను రెండు వరుసలుగా చీలి, ఒక చరణం ఒకరు, మరుసటి చరణం ఎదుటివారు చెబుతారు. ప్రతి చరణం మధ్యలో ఒక చిన్న విరామం ఉంటుంది. మొదటిసారి వినేవారికి అది తడబాటుగా తోచవచ్చు. నిజానికి ముందటి సగం మారుమోత అణిగేందుకు ఆ విరామం చోటిస్తుంది. మీరు తలుపు చప్పుడుతో లెక్కించిన సెకన్లను ఆ విరామంతో పోల్చి చూడండి. కట్టడమూ గానమూ ఒకదానికొకటి ఎలా ఒదిగాయో అక్కడే పట్టుబడుతుంది.

6.5 ఒక జాగ్రత్త. ఈనాడు మీరు వినే మారుమోత పూర్వం వారు విన్నదే అనుకోకండి. నేపుల్స్‌లోని సాంతా కియారా చర్చి నిర్మాణం 1310లో మొదలయింది. అక్కడ కన్యస్త్రీల ప్రార్థనశాల బలిపీఠం వెనుక గోడకు అవతల ఉంది. 1943 ఆగస్టు 4న పడిన బాంబులతో చర్చి తగలబడి, తరువాతి కాలంలో చేర్చిన అలంకరణ అంతా పోయింది. పునర్నిర్మాణంలో దాన్ని తిరిగి పెట్టకుండా పాత గోథిక్ (మధ్యయుగపు నిర్మాణ శైలి) రూపానికి తెచ్చారు. అంటే గోడల మీది పొర మారింది, దానితో పాటే ధ్వని కూడా మారింది. తెరలు, తివాచీలు, నిండుగా కూర్చున్న జనం శబ్దాన్ని పీల్చుకుంటాయి. అవన్నీ లేని వారపు రోజున వినే మోత, పండుగ రోజున వినే మోత కన్నా పొడవుగా ఉంటుంది.

## 7. చర్మం, పాదాలు: ఏది తాకాలి, ఏది తాకకూడదు

చేతి చెమటలోని ఉప్పు, నూనె కుడ్యచిత్రాలకూ బంగారు రేకుకూ హాని చేస్తాయి. ఒక్క మనిషి స్పర్శ కనిపించదు, వేలమంది స్పర్శ నల్లని మచ్చగా మిగులుతుంది. కాబట్టి తాకడానికి చేసినవాటినే తాకండి.

తాకదగినవి:

- తలుపు పిడి, మెట్ల చేతికర్ర
- బెంచీ అంచు, మోకరిల్లే పలక
- పవిత్ర జలపు రాతి తొట్టి అంచు

తాకకూడనివి:

- కుడ్యచిత్రాలు, బంగారు పూత, పింగాణీ పలకలు
- బలిపీఠం, దానిపై పరచిన వస్త్రాలు
- తాడు కట్టి వేరు చేసిన ఏదైనా

తాకకుండానే గోడను తెలుసుకునే పద్ధతి ఒకటి ఉంది. పూతలేని మందపాటి గోడ దగ్గరకు వెళ్లి, చెంపను జానెడు దూరంలో ఉంచి అర నిమిషం ఆగండి. వేసవిలో ఆ చెంపకు చల్లదనం తెలుస్తుంది, రెండో చెంపకు తెలియదు. మందపు గోడ ఎండను నిదానంగా పీల్చి నిదానంగా వదులుతుంది కనుక బయటి వాతావరణం కన్నా లోపలిది ఎప్పుడూ వెనుకబడి ఉంటుంది. వసంతంలో బయట వెచ్చబడినా లోపల ఇంకా శీతాకాలపు చలే ఉండటానికి కారణం అదే.

బెంచీ మీద కూర్చున్నాక అరచేతిని చెక్క అంచు వెంట నెమ్మదిగా జరపండి. కొత్త చెక్కకు పదునైన అంచు ఉంటుంది. పాతదానికి అంచు గుండ్రబడి, చేతులు ఎక్కువగా పడిన చోట నునుపు తేరి, రెండు చోట్ల మధ్య గరుకు మిగిలి ఉంటుంది. ఆ నునుపులు ఎంతెంత దూరంలో ఉన్నాయో చూస్తే ఒక వరుసలో ఎందరు కూర్చునేవారో అంచనాకు వస్తుంది. అటువంటి ఒక బెంచీలో చివరి నునుపు తక్కినవాటి కన్నా బాగా కిందికి ఉండటం చూశాను. అక్కడ పిల్లలు కూర్చునేవారేమో అనుకున్నాను.

## 8. ఇప్పుడు కన్ను

ఈపాటికి మీరు లోపలికి వచ్చి అరగంట దాటింది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. గుమ్మం దాటగానే కప్పు చూసినవారికి కనిపించని వివరాలు మీకు ఇప్పుడు కనిపిస్తాయి. ఇంతసేపు ఆగమన్నది అందుకే.

చూపును కింది నుంచి పైకి తీసుకువెళ్లండి.

1. నేల: సమాధి పలకలు, అరుగుదల, కిటికీ నుంచి పడిన వెలుగు మరక.
2. నడుము ఎత్తు: బెంచీలు, గూళ్లు, గోడలో ఉన్న చిన్న తలుపులు. జాలీ పక్కన పలక పట్టేంత చిన్న కన్నం కనిపిస్తే, దాని గుండానే పూజ చేసే గురువు (ఫాదర్) కన్యస్త్రీలకు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్రమైన రొట్టె, అందించేవారు.
3. కంటి ఎత్తు: బలిపీఠం, చిత్రాలు.
4. కప్పు: చివరగా, కూర్చునే, మెడ వెనక్కి ఆనించి.

జాలీ దగ్గర ఒక ప్రయోగం చేయండి. వెలుతురున్న వైపు నుంచి చీకటి వైపుకు చూస్తే కమ్మీలే కనిపిస్తాయి, అవతల నలుపు. చీకటి వైపు నుంచి వెలుతురు వైపుకు చూస్తే కమ్మీలు మరుగై అవతలిదంతా కనిపిస్తుంది. పగటిపూట ఇంటి కిటికీ తెర కూడా ఇలాగే పని చేస్తుంది. కన్యస్త్రీలు కనిపించకుండా చూడగలగడంలో జాలీకి ఎంత పాత్ర ఉందో, వెలుతురు తేడాకూ అంతే పాత్ర ఉంది.

బంగారు పూత ఉన్న చోట కదలకుండా నిలబడితే లాభం లేదు. మాద్రె ద దేవుష్ వంటి చర్చిలో చెక్కిన చెక్కకు అద్దిన బంగారాన్ని చూస్తూ ఒక్కో అడుగు పక్కకు జరగండి. ఆకుల అంచులు ఒకటి ఆరి ఇంకొకటి వెలుగుతాయి. కొవ్వొత్తి వెలుగులో మంట కదిలేది కనుక మనిషి నిలబడి ఉన్నా బంగారం కదిలేది. విద్యుద్దీపం కదలదు కాబట్టి మనమే కదలాలి.

## 9. గోడకు అవతలి వైపు

కన్యస్త్రీల భాగం చూసే అవకాశం ఉన్నచోట దాన్ని చివరికి ఉంచుకోండి. దీనికి మిలాన్‌లోని సాన్ మౌరీత్సియో చర్చిని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 1503లో నిర్మాణం మొదలైన ఈ చర్చి బెనెడిక్టైన్ అనే సన్యాస సంఘపు కన్యస్త్రీల మఠానిది. అడ్డంగా ఒక గోడ దాన్ని రెండుగా చీల్చింది. గోడకు ఈవల, జనం వైపున, ఆంతోనియో కాంపీ 1579లో గీసిన, ముగ్గురు జ్ఞానులు బాల యేసును ఆరాధించే చిత్రం బలిపీఠంపై ఉంది. చుట్టూ బెర్నార్దీనో లూయీనీ కుడ్యచిత్రాలు.

ముందు ఈ వైపు బెంచీలో కూర్చుని, గోడ మీది చిత్రాలనే చర్చి అంతా అనుకుని పది నిమిషాలు గడపండి. ఆ తరువాత చిన్న తలుపు గుండా అవతలికి వెళ్లండి. ఇరుకైన ఆ దారి దాటగానే మరో చర్చి తెరుచుకుంటుంది, అదీ మొదటిదానికన్నా పెద్దది. రెండు వైపులా చెక్క ఆసనాల వరుసలు, గోడలంతా చిత్రాలు, 1554లో ఆంతెన్యాతి కుటుంబం తయారుచేసిన పైపుల ఆర్గన్. ఆ చిత్రాల్లో, బైబిల్ కథలోని నోవహు ఓడలోకి జంటలుగా నడుస్తున్న జంతువుల్లో ఒంటికొమ్ము గుర్రాల జంట కూడా ఉంది. దాన్ని వెతకండి. బయటి జనానికి ఎన్నడూ కనిపించని గోడలపై ఇంత రంగు ఎందుకు వేయించారో, ఆ ఆసనాల ముందు నిలబడితే మాటలతో పని లేకుండా అర్థమవుతుంది: జీవితాంతం ఆ గోడలనే చూడవలసినవారి కోసం వేసినవి అవి.

ఇక్కడ చేయవలసిన పనులు:

- అడ్డుగోడ వైపు తిరిగి, ఆ పక్క నుంచి వచ్చే సందర్శకుల అడుగుల చప్పుడు వినండి. ఇప్పుడు మీరు కన్యస్త్రీల చెవితో ఊరిని వింటున్నారు.
- ఆసనాల ముందు కాసేపు నిలబడండి. కొన్ని మఠాల్లో మడిచే ఆసనం అడుగున ఒక చిన్న చెక్క అంచు ఉంటుంది. గంటల తరబడి నిలబడేవారు దానికి ఆనుకుని కాస్త సేద తీరేవారు.
- తిరిగి జనం వైపుకు వచ్చి మొదట కూర్చున్న చోటే రెండు నిమిషాలు కూర్చోండి. ఈ తిరుగుప్రయాణాన్ని మానవద్దు. అవతల ఏముందో తెలిశాక అదే గోడ మరోలా కనిపిస్తుంది.

## 10. నాలుక

రుచికి చర్చి లోపల చోటు లేదు. అయితే కొన్ని మఠాల ముంగిట అది దొరుకుతుంది. స్పెయిన్‌లో అనేక మఠాలు తాము చేసిన మిఠాయిలను గోడలో అమర్చిన గుండ్రని తిరుగుడు పెట్టె ద్వారా అమ్ముతాయి. సెవిల్‌లోని సాన్ లెయాంద్రో మఠపు గుడ్డు సొన మిఠాయికి ఎంతో పేరు. గంట నొక్కి ఆగితే లోపలి నుంచి "ఆవే మరియా పురీసిమా" అన్న పలకరింపు వినవచ్చు. "సిన్ పెకాదో కోన్సెబీదా" అన్నది దానికి సంప్రదాయమైన బదులు. పెట్టెలో డబ్బు ఉంచితే అది తిరిగి, మిఠాయితో వెనక్కి వస్తుంది. ఇచ్చినవారి ముఖం కనిపించదు, గొంతు మాత్రమే తెలుస్తుంది. చర్చిలో గంటసేపు జాలీ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ ఒక్క నిమిషంలో మళ్లీ జరుగుతుంది.

## 11. తరచు జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

లోపలికి రాగానే ఫోను తీయడం. కన్ను చీకటికి అలవాటుపడుతున్నప్పుడు తెర వెలుగు చూస్తే ఆ పని మొదటికి వస్తుంది. ఫొటోలకు చివరి పది నిమిషాలు మాత్రమే కేటాయించండి, ఫ్లాష్ వాడకండి.

చెవిలో వివరణ యంత్రం పెట్టుకుని తిరగడం. అది చెప్పే సంగతులు విలువైనవే. వాటిని ముందు రోజు రాత్రి వినండి లేదా బయటికి వచ్చాక వినండి. మారుమోతను వినవలసిన చెవిని మూసి ఉంచకండి.

గుంపుతో పాటు కదలడం. గుంపు వస్తే మీరు కూర్చోండి. పది నిమిషాల్లో అది వెళ్లిపోతుంది, ఆ వెంటనే వచ్చే నిశ్శబ్దం మరింత లోతుగా ఉంటుంది. నిజానికి వినికిడికి అది మంచి అదను.

ఏమీ అనిపించలేదని కంగారుపడటం. చాలామందికి మొదటి అరగంట విసుగుగానే ఉంటుంది. అప్పుడు ఒకే ఒక వస్తువును, గడపనో బెంచీ అంచునో, ఎంచుకుని దాని దగ్గరే మిగతా సమయం గడపండి. మొత్తం చర్చిని గెలవాలని చూడకండి.

జాలీ గుండా లోపలికి తొంగిచూడటం. కన్యస్త్రీలు నివసిస్తున్న చోట ఇది వారి ఇంటి కిటికీలోకి చూడటమే. పైన చెప్పిన వెలుతురు ప్రయోగాన్ని సంగ్రహాలయంగా మారిన చోటనే చేయండి.

ప్రార్థన మధ్యలో లేచి వెళ్లడం. ఎంతసేపు పడుతుందో ముందే తెలుసుకోండి. ఉండలేమనుకుంటే తలుపు పక్కనే కూర్చోండి. క్రైస్తవులు కానివారు లేచి నిలబడేటప్పుడు లేచి, కూర్చునేటప్పుడు కూర్చుంటే చాలు. దివ్యసత్ప్రసాదం స్వీకరించే వరుసలోకి మాత్రం వెళ్లకూడదు.

## 12. బయటికి వచ్చాక రాసుకోవలసినవి

వీధిలోకి వచ్చిన పదిహేను నిమిషాల్లోపు రాయండి. ముందు వాసన రాయండి, ఎందుకంటే మాటల్లోకి అది అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, అన్నిటికన్నా ముందుగా జారిపోతుంది. తరువాత:

- తలుపు చప్పుడు ఎన్ని సెకన్లు నిలిచింది?
- మొదటి శ్వాసకూ మూడో శ్వాసకూ మధ్య ఏం మారింది?
- చేతికి తగిలినవాటిలో అన్నిటికన్నా నునుపైనది ఏది?
- గోడకు అవతలి నుంచి ఏం వినిపించింది, అందులో ఏ అక్షరాలు అందలేదు?
- వీధి శబ్దాల్లో లోపలికి చేరినది ఏది?

తేదీ, వేళ, ఎండ ఉందో మబ్బు ఉందో, లోపల సుమారుగా ఎందరున్నారో పక్కన రాసిపెట్టండి. వీలు కుదిరితే అదే చర్చికి వేరే ఋతువులో, వేరే వేళలో మరోసారి వెళ్లి, పాత కాగితం తెరవకుండా ఈ ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాయండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవడం మాత్రం ఇంటికి వచ్చాకే.